ఫోటో పెట్టిన చీర

బతికున్న మొగుడితో వేగడం కష్టమని ఆడవాళ్లందరూ అంటారు. చచ్చిపోయి పెద్దమనిషి అయిపోయిన మొగుడితో వేగి చూడమనండి, అప్పుడు తెలుస్తుంది. బతికున్నవాడితో పోట్లాడొచ్చు, అలగొచ్చు, పుట్టింటికి పోయి నాలుగు రోజులు కూర్చోవచ్చు. దండ వేయించుకుని గోడమీద కూర్చున్నవాడిని ఏమని తిడతాం?

నా పేరు కనక. అరకు సంతలో ఆ పేరు చెప్పి చూడండి, ఎవరికీ తెలియదు. సోమన్న పెళ్లాం అంటే మాత్రం ఉప్పు అమ్మేవాడు కూడా లేచి దారిస్తాడు. సోమన్న పోయి ఏళ్లు గడిచినా నేను సోమన్న పెళ్లాన్నే. బతికున్నప్పుడు ఎంత పెళ్లాన్నో, పోయాక అంతకు పదింతలు.

మా ఊరు పనసగుడ. అరకు లోయలో రోడ్డు దిగి కొండెక్కితే వస్తుంది. నా పెళ్లయిన కొత్తలో ఆఫీసర్లు క్యాంపుకొస్తే మా మగాళ్లే కావిళ్లు మోయాలి. మడత మంచాలు, వంటపాత్రలు, పెట్టెలు, ఒక్కోసారి వాళ్ల కోళ్ల గంపలు కూడా. కూలీ లేదు, నాలీ లేదు, అంతా వెట్టి. తెల్లారకముందే గార్డు వచ్చి తలుపు తన్నేవాడు. కడుపులో చుక్క అంబలి పడకుండానే నడవాలి. చట్టంలో వెట్టి ఎప్పుడో పోయిందట. మా కొండెక్కడానికి ఆ చట్టానికి ఎవరూ కావిడి పట్టలేదు కాబోలు.

ఒక పొద్దున్న కొండదారి మధ్యలో సోమన్న కావిడి దించి అడ్డంగా కూర్చున్నాడు. "అంబలి తాగితే గానీ లెగం" అన్నాడు. అతని వెనకాల ఉన్నవాళ్లూ దించేశారు. గార్డు కర్రతో బాదాడు. సోమన్న నెత్తురు తుడుచుకుని మళ్లీ అదే మాట అన్నాడు. కబురు విని ఆడవాళ్లం కుండలు చంకనెత్తుకుని పరుగు తీశాం. బగతలు, కొండదొరలు, వాల్మీకులు ఒకరి కుండ ఒకరు ముట్టనివాళ్లు. ఆ రోజు దారిమీద ఒకే వరసలో కూర్చుని, నేను తెచ్చిన కుండలోదే అందరూ తాగారు. తాగాక లేచారు గానీ కావిళ్లు ఎత్తలేదు. ఆఫీసరుగారి మంచం దారిలోనే ఉండిపోయింది, మావాళ్లు ఇళ్లకొచ్చేశారు.

సోమన్నను జైల్లో పెట్టారు. తిరిగొచ్చేసరికి చుట్టుపక్కల గూడేలన్నీ కావిళ్లు దించేశాయి. మళ్లీ ఏ గార్డూ మా తలుపు తన్నలేదు. ఆ తరవాత ఒక చలికాలం చలిజ్వరం వచ్చి సోమన్న పోయాడు. అంత కర్రదెబ్బలకు చావనివాడు దోమకాటుకు పోయాడు.

అప్పటినుంచి అతను పోయిన రోజున, ఏటా, అన్ని గూడేలవాళ్లూ మంచు విడవకముందే మా ఊరొచ్చి ఒకే వరసలో కూర్చుని చోడి అంబలి తాగుతారు. దాన్ని సోమన్న పొద్దు అంటారు. అంబలి పొయ్యాల్సింది నేనే. మొదట్లో నాకూ గర్వంగానే ఉండేది, అబద్ధం ఎందుకు? అన్ని కులాల చేతులూ నా గరిటె కింద చాచి ఉంటే కళ్లు చెమర్చేవి. కానీ ఏటా అంబలి తాగి అందరూ తమ పెళ్లాం పిల్లల దగ్గరికి పోతారు. నేను కుండలు తోముకుని, ముసలి అత్త తప్ప ఎవరూ లేని ఇంట్లోకి పోవాలి.

మా కొండల్లో మొగుడు పోయిన ఆడది మూల కూర్చుని ఏడవాలని ఏమీ లేదు. ఇష్టపడ్డవాడు పెద్దల ముందు జీలుగు కల్లు కుండ పెడతాడు, కొత్త చీర తన చేత్తో ఇస్తాడు. ఆడది రెండు చేతులా అందుకుందంటే మనువైపోయినట్టే. అందుకోకపోతే కల్లు తాగేసి నవ్వుకుంటూ పోతారు. మా పిన్నమ్మ అలా మూడు చీరలు అందుకుంది, ఎవరూ ఒక్క మాట అనలేదు. నా దగ్గరికి మాత్రం ఒక్కడూ రాలేదు. నేనేం గుడ్డిదాన్నా, కుంటిదాన్నా? సోమన్న పెళ్లాన్ని. అదే నా అవిటితనం.

చివరికి ఒకడొచ్చాడు. మంగ్లు. పక్క గూడెం వాడు, కాఫీ తోటలో పని. పెళ్లాం పోయింది, చిన్న కూతురుంది. సంతలో పిప్పళ్లు అమ్ముకుంటూ నన్ను చూసి "ఒసే కనకా, ఏటే అలగ ఎండిపోనావు, మీ అత్త కూడెట్టదా?" అని కేకేసేవాడు. ఇన్నేళ్లలో నన్ను ఒసే అన్న మగాడు అతనొక్కడే. ఆ పిలుపు వినడానికే నేను అమ్మేదీ కొనేదీ లేకపోయినా సంతకు పోయేదాన్ని. అతని కూతురు నా కొంగు పట్టుకుని తిరిగేది, అది కొంగు వదిలితే నాకే బెంగగా ఉండేది.

ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు, వలిసెపూలు రాలిపోయే రోజుల్లో, మంగ్లు అన్నాడు.

"సోమన్న పొద్దుకి అన్నూళ్ల పెద్దలూ ఉంటారు కదేటి. మా ఓళ్లని తెచ్చి అక్కడే అడిగేత్తాను. సీర కొనీసినాను. ఎర్రది."

"భయమెయ్యదా?"

"ఎందుకెయ్యదు? ఏత్తంది. కానీ ఈ పాలి కాకపోతే మావోళ్లు ఆగరు. పాచిపెంట కాడ నాకొక గుంటని సూసినారు. నా కూతురికి తల్లి కావాలంతన్నారు."

ఇంటికొచ్చి చోళ్లు విసురుతూ మా అత్త యర్రమ్మకు చెప్పేశాను. సోమన్న కన్నతల్లి. తిడుతుందనుకున్నాను. తిరగలి ఆపి నా మొహం కేసి చూసి, "ఎల్లవే పిల్లా. నా కొడుకు నీకు మొగుడుగా ఉన్నది తక్కువ, ఊరికి నాయకుడుగా ఉన్నది ఎక్కువ. నా కూడు నా కూతురెడతాది. నువ్వు బేగి ఎల్లు" అంది. నేను ఆ ముసలిదాని ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. ఇక అడ్డం ఎవరున్నారు, అనుకున్నాను.

అడ్డం ఎవరున్నారంటే, మంచివాళ్లు ఉన్నారు.

గణపతిరావు మాస్టారు మంచివాడు. కిందనుంచి, అనకాపల్లి నుంచి వచ్చినవాడు. మా పిల్లలకు పాక కింద చదువు చెబుతాడు. వాన పడితే పాక కురుస్తుంది, మాస్టారు గొడుగు పిల్లల మీద పట్టి తను తడుస్తాడు. ఊరికి పక్కా బడి తేవాలని కాళ్లరిగేలా పాడేరు తిరిగాడు. సోమన్నంటే ప్రాణమిస్తాడు, ఒక్కసారి కూడా చూడకపోయినా. ఎక్కడో జైలు నుంచి వస్తున్నప్పుడు నలుగురిలో తీసిన ఫోటో సంపాదించి, విశాఖపట్నంలో స్టూడియోకి ఇచ్చి పెద్దది చేయించాడు. స్టూడియోవాడు సోమన్నకు కోటు తొడిగేశాడు. గోచీ తప్ప ఎరగని మనిషి కోటులో ఉక్కిరిబిక్కిరి అవుతున్నట్టు ఉంటాడు. ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకు ఆ మనిషిమీద జాలే.

ఆ ఏడు సోమన్న పొద్దుకు మాస్టారు పాడేరు నుంచి వరహాలరావుగారనే పెద్దమనిషిని పిలిచాడు. బడి మంజూరు ఆయన చేతిలో ఉందట. ముందు రోజు మాస్టారు నా దగ్గరికి వచ్చి చేతులు నలుపుకుంటూ, "అమ్మా, రేపు కాస్త తెల్లచీర కట్టుకుంటే బాగుంటుంది" అన్నాడు.

"ఏటి మాస్టారూ, మళ్లీ ఎవరు సచ్చిపోనారు?" అన్నాను.

పాపం, తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. నేను రోజూ కట్టే నీలం చీరే ఉతికి ఆరేసుకున్నాను.

పొద్దున్నే మంచు ఎంత పట్టిందంటే పక్కమనిషి మొహం కనిపించడం లేదు. ఊరి ముందు బయల్లో జనం వరసగా కూర్చున్నారు, ముందు అడ్డాకు డొప్పలు పెట్టుకుని. పొయ్యిమీద అంబలి కుతకుతలాడుతోంది. మామూలుగా అయితే పోసేయడమే. ఈసారి ముందు మాటలు, తరవాత అంబలి అన్నారు. రెండు మంచాలు కలిపి వేదిక చేశారు. కుర్చీలో కోటు సోమన్న, ఇంకో కుర్చీలో మా అత్త, ఆవిడ మెడలో బంతిపూల దండ. నన్ను కింద నిలబెట్టారు. మంచు కాస్త పలచబడ్డాక వరస చివర మంగ్లు కనిపించాడు. అటూ ఇటూ వాళ్ల పెద్దలిద్దరు, వెనక కల్లు కుండ, ఒళ్లో మూట. మూట చూడగానే కొంగు గట్టిగా చుట్టుకున్నాను. చలి అనుకుని ఎవరో నాకు దుప్పటి కప్పబోయారు.

వరహాలరావుగారు బాగా మాట్లాడాడు. పొద్దున్నే తినడం కూడా మనిషి హక్కేనని సోమన్న నేర్పాడన్నాడు. నిజమే, నేనూ చప్పట్లు కొట్టాను. తరవాత, "ఆ మహానుభావుడి భార్య ఈ ఊళ్లోనే ఉండి ఆయన పేరు నిలబెడుతోంది. అలాంటి ఊరికి కాక ఇంకెవరికి ఇస్తాం? సోమన్న పేరుతో పక్కా బడి ఈ ఊరికే!" అన్నాడు. జనం ఈలలు, కేకలు. పిల్లలు ఎగిరారు. ఊరి పెద్ద అప్పన్న మావ కళ్లు తుడుచుకున్నాడు. నా చప్పట్లు మధ్యలోనే ఆగిపోయాయి. అంటే నేను పోతే బడి కూడా పోతుందన్నమాట! ఎవరూ తలుపు తన్నలేదు, కర్ర ఎత్తలేదు. అయినా నన్ను కట్టేశారు.

అప్పుడు ఆయన కాగితం పొట్లం విప్పాడు. సన్న నీలం అంచున్న తెల్లచీర. వేదిక దిగి వచ్చి, తన రెండు చేతులతో నా ముందుకు చాచాడు.

ముసలమ్మలు నోటిమీద చెయ్యేసుకున్నారు. అప్పన్న మావ మెడ ముందుకు సాగింది. పాపం పాడేరు బాబుకేం తెలుసు మా కట్టుబాటు? నేను ఊరుకుని ఉండొచ్చు. ఎరగని మనిషి ఇచ్చాడులే అని పెద్దలే సర్దుకునేవారు. కానీ నాకు ఒక ఆశ పుట్టింది. కట్టు సంగతి ఇప్పుడు అందరికీ గుర్తు చేస్తే, ఆ వెంటనే మంగ్లు లేవడానికి దారి దొరుకుతుంది కదా!

"బాబూ, కాస్త ఆగండి. మా పెద్దల ముందు మొగోడు సీరిచ్చి, ఆడది అందుకుంతే, మనువైపోయినట్టే. మరి నన్ను జీపెక్కించి పాడేరు తీసుకెల్లిపోతారేటి? ఇంటికాడ అమ్మగారికి సెప్పే ఒచ్చినారా?"

జనం ఒక్కసారిగా భళ్లున నవ్వారు. అంబలి ఇంకా పోయనే లేదు గానీ ముసలాళ్లకు పొలమారింది. వరహాలరావుగారు నిప్పు ముట్టుకున్నట్టు చీర వెనక్కి లాక్కుని, ఆయన కూడా పడీ పడీ నవ్వాడు. వరస చివర మంగ్లు పళ్లన్నీ కనిపిస్తున్నాయి. అతని చెయ్యి మూట ముడిమీద ఉంది. లే, లే, అని లోపల కేకలు పెడుతున్నాను.

ఈలోగా మాస్టారు లేచాడు.

"ఎంత మంచి ఆచారం! అయితే ఇలా చేద్దాం. ఈ చీర సోమన్నగారే ఇస్తారు!" అని, వరహాలరావుగారి చేతిలోంచి చీర తీసుకుని ఫోటో ముందు పెట్టాడు. "కట్టుకున్నవాడే పెడుతున్నాడు. ఇప్పుడు తీసుకోండమ్మా."

"బాగుంది! బాగుంది!" అన్నారు జనం. ఇందాక నవ్విన నోళ్లే. అప్పన్న మావ నెమ్మదిగా తలూపి, "అదే సరైంది. సోమన్న సేతి సీర" అన్నాడు. మాస్టారుకు తెలియక అన్నాడు. అప్పన్న మావకు తెలిసే అన్నాడు. ఆయన కల్లు కుండ చూశాడు, మంగ్లు ఒళ్లో మూట చూశాడు, బడి మాట కూడా విన్నాడు. పెద్దల ముందు సోమన్న చేతి చీర నేను అందుకుంటే ఇక ఈ జన్మకు ఇంకొకడు నాకు చీర పెట్టడానికి లేదు. మా కట్టుతోనే నన్ను బిగించేశారు, అదీ నా నోటితో నేనే అందించి మరీ!

"ఫోటోకి సేతులే నేవు మావా" అన్నాను. "సాతీ దాకానే ఉంది. సేతుల్నేనోడు సీరెలగ ఇత్తాడు?"

ఈసారి ఒక్కరూ నవ్వలేదు.

మా అత్తకేసి చూశాను. ఎల్లవే పిల్లా అన్న మనిషి. ఆవిడ దండ సర్దుకుని, ఫోటో కేసి చూసి, గొల్లుమంది. "నా తండ్రే... ఇన్నేళ్లకి పెళ్లానికి సీరెడతన్నాడు. తీసుకోవే కనకా! నా కొడుకు సెయ్యి తోసీయకే!"

ఒళ్లు మండిపోయింది. ఎవరిమీద మండాలో తెలియలేదు. కన్నతల్లి ఏడుపుమీద మండనా, గొడుగు పిల్లలమీద పట్టే మాస్టారు మీద మండనా, కోటులో కూర్చున్న ఆ పిచ్చిమారాజు మీద మండనా? అందరూ నావాళ్లే. ఒక్క చెడ్డవాడు కూడా లేడు తిట్టడానికి!

నేను ఫోటో వైపు పోలేదు. వెనక్కి తిరిగి, వరస పక్కనుంచి నడుచుకుంటూ చివరికి పోయాను. మంగ్లు ముందు నిలబడ్డాను. ఆడది నోరు తెరిచి అడగడం మా కొండల్లో కూడా లేదు. అయినా అడిగాను.

"మంగ్లూ, మూట ఇప్పు. సీర నాకియ్యి."

రెండు చేతులూ చాచాను. వెనక మాస్టారు "ఏమిటిది, ఏం జరుగుతోంది?" అంటున్నాడు. మంగ్లు మూట ముందుకు లాక్కున్నాడు. ముడి విప్పాడు. ఎర్ర అంచు కనిపించింది. పండు మిరపకాయ ఎరుపు.

అప్పన్న మావ కూర్చున్న చోటునుంచే, గొంతు పెంచకుండా, కోపం లేకుండా అన్నాడు.

"మంగ్లూ. ఆ పొద్దు దారిమీద సోమన్న ఎనకాల కావిడి నీదే కదరా. ఆడి మీద పడ్డ దెబ్బల్లో సగం నీయి. ఆడు పెట్టిన సీర ఒగ్గీసి నీ సీర అందుకోమంతావేటి?"

మంగ్లు చేతులు ఆగిపోయాయి. తల ఎత్తి వేదికకేసి చూశాడు. ఫోటోకేసి చాలాసేపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఏటా అంబలి పోయించుకునేటప్పుడు అన్ని కళ్లలోనూ ఉండేది అదే. అతని కళ్లలోనూ ఉందని ఇన్నాళ్లూ నేను చూడలేదు, చూడదలచుకోలేదు.

"నాకేసి సూడు" అన్నాను. "ఫోటోకేసి కాదు. నాకేసి."

చూశాడు. కళ్లనిండా నీళ్లు. ఎర్ర అంచు లోపలికి తోసి మూట ముడి మళ్లీ వేసేశాడు. లేచి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని, నాకు రెండు చేతులూ జోడించాడు.

"తప్పమ్మా" అన్నాడు.

అమ్మా అనేది ఎవరైనా అనే మాటే. ఉప్పు అమ్మేవాడూ అంటాడు, మాస్టారూ అంటాడు. కానీ ఒసే కనకా అన్న నోటితో మంగ్లు ఆ మాట అన్నాక ఇక అతని ఇంటి గడప నాకు లేదు, ఆ పిల్ల నా కొంగు పట్టుకోవడం లేదు. కొట్టినా బాగుండేది. నేను చాచిన చేతులు ఎలా దించుకోవాలో తెలియక అలాగే నిలబడ్డాను.

మాస్టారు వచ్చి తెల్లచీర నా భుజంమీద కప్పాడు. నేను చేత్తో అందుకోలేదు. ఆ మాట ఇప్పటికీ చెబుతాను, అందుకోలేదని. ఎవరికీ పట్టదు. "సోమన్నకీ జై! అమ్మకీ జై!" అన్నాడు వరహాలరావుగారు. కొండలు మారుమోగాయి. పిల్లలు ఆకలి, ఆకలి అని గోల పెట్టారు. ఎవరో నా చేతిలో గరిటె పెట్టారు.

మొదట మంగ్లుకే పోశాను, అతనే దగ్గర ఉన్నాడు కాబట్టి. తల ఎత్తలేదు. తరవాత వాళ్ల పెద్దలు, ఆ పక్కన ఇంకొకరు, ఆ పక్కన మా అప్పన్న మావ. నాకు తాత వరస అయ్యేవాళ్లు, నా పెళ్లిలో ధింసా ఆడినవాళ్లు, అందరూ డొప్పలు ముందుకు చాచి "అమ్మా, ఇటు", "అమ్మా, నాకు" అంటున్నారు. నేను పోసుకుంటూ పోతున్నాను. అప్పటికి నాకు ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు.